రెప్సోల్ హోండా పతనం 2020లో మొదలు కాలేదు

నాగావళి_రైడర్ (శ్రీకాకుళం)

2024 సీజన్‌తో స్పెయిన్ చమురు సంస్థ రెప్సోల్, మోటోజీపీ బైకు పందేల్లో హోండా ఫ్యాక్టరీ జట్టు (కంపెనీ సొంత జట్టు) నుంచి తప్పుకుంది. 1995లో మొదలైన బంధం. ఈ ముప్పై సీజన్లలో ప్రధాన తరగతి (మునుపు 500 సీసీ, 2002 నుంచి మోటోజీపీ) రైడర్ టైటిళ్లే 15 వచ్చాయి: డూహన్ 4, క్రివిల్లే 1, రోసీ 2, హేడెన్ 1, స్టోనర్ 1, మార్కెజ్ 6.

ఇంత పెద్ద జట్టు ఎలా కూలిందని ఎవరిని అడిగినా ఒకటే జవాబు. 2020 జులై 19న స్పెయిన్‌లోని హెరెజ్ ట్రాక్ మీద మార్కెజ్ కుడి చెయ్యి విరిగింది, దానితో అంతా అయిపోయింది అంటారు. నేను ఒప్పుకోను. చెయ్యి విరగడానికి ముందు ఏడాది పాయింట్ల పట్టిక ఒకసారి తీసి చూడండి. 2019లో మార్కెజ్‌కు 420. అదే హోండాను ఎల్‌సీఆర్ అనే ప్రైవేటు జట్టు తరఫున నడిపిన క్రచ్‌లోకు 133. మార్కెజ్ పక్క గ్యారేజీలోనే ఉన్న లొరెంజోకు 28. లొరెంజో ఎవరు? మూడుసార్లు మోటోజీపీ ఛాంపియన్. నెదర్లాండ్స్‌లోని అసెన్‌ ట్రాక్ మీద పడి వెన్నుపూస విరగ్గొట్టుకున్నాడు, నిజమే. కానీ అసెన్‌కు ముందు కూడా అతను మొదటి పదిమందిలో ఒక్కసారీ లేడు.

అదే ఏడాది రైడర్, జట్టు, తయారీదారు టైటిళ్లు మూడూ హోండావే. ఆ సంబరంలో లొరెంజో 28 పాయింట్లను పట్టించుకున్నవారు లేరు. జబ్బు అప్పటికే లోపల ఉంది, మార్కెజ్ దాన్ని కప్పి ఉంచాడు. ఇది నా వాదన. ఎప్పుడు మొదలైంది, ఎందుకు మొదలైంది అన్నది తేల్చాలంటే జట్టు చరిత్రను మొదటి నుంచీ చూడాలి. తెలిసినవాళ్లు తలో చెయ్యి వేయండి.

గంటస్తంభం_మెకానిక్ (విజయనగరం)

బాబూ, మొదటి నుంచీ అంటున్నావు కాబట్టి 1995 దగ్గర ఆగితే కుదరదు. రెప్సోల్ అన్నది ట్యాంకు మీది రంగు. దాని కింద ఉన్నది హెచ్‌ఆర్‌సి, అంటే హోండా రేసింగ్ కార్పొరేషన్. అది పుట్టింది 1982లో. దానికి ముందు కథ ఇంకా చాలా ఉంది.

1954 మార్చిలో కంపెనీ స్థాపకుడు సోయిచిరో హోండా మేము ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ (బ్రిటన్ దగ్గరి దీవిలో జరిగే రోడ్డు పందెం)లో పాల్గొంటామని బహిరంగంగా ప్రకటించాడు. ఆ తర్వాత స్వయంగా వెళ్లి చూస్తే అక్కడి బండ్ల శక్తి తమ బండ్లకు దాదాపు మూడింతలు ఉంది. అయినా ప్రకటనను వెనక్కి తీసుకోలేదు. అయిదేళ్లు పట్టింది. 1959లో 125 సీసీ తరగతిలో దిగారు. తనిగుచి ఆరో స్థానం, తర్వాత వాళ్లవాళ్లే ఏడు, ఎనిమిది, పదకొండు. జట్టు బహుమతి వాళ్లకే వచ్చింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి: హోండాకు ప్రపంచంలో దక్కిన మొదటి గుర్తింపు ఒక్క మనిషి గెలిచి తెచ్చినది కాదు, నలుగురు చివరిదాకా బండి నడిపి తెచ్చినది.

రెండేళ్లకే, 1961లో, 125లో ఫిలిస్, 250లో హెయిల్‌వుడ్ ఛాంపియన్లయ్యారు. 1966లో 50 నుంచి 500 సీసీ దాకా అయిదు తరగతుల్లోనూ తయారీదారు టైటిళ్లు హోండాకే. కానీ 500 సీసీ రైడర్ టైటిల్ మాత్రం రాలేదు. 1966లోనూ 1967లోనూ ఎంవీ అగుస్టా మీద అగొస్తీనీ గెలిచాడు. హోండా 500 ఇంజను బలమైనదే, చాసిస్ (బండి చట్రం) దానికి తగ్గది కాదు. మలుపులో బండి ఊగిపోతుంటే హెయిల్‌వుడ్ లాంటి మొనగాడు చేతి బలంతో అదుపు చేస్తూ నడిపాడు. ముందు ఇంజను, మిగతాది రైడరు చూసుకుంటాడు అనే అలవాటు అప్పటిదే. నీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

1967 తర్వాత గ్రాండ్ ప్రీ (ప్రపంచ ఛాంపియన్‌షిప్ పందేలు) నుంచి తప్పుకున్నారు. 1979లో మళ్లీ వచ్చారు, ఎన్‌ఆర్ 500తో. దాని గురించి రాత్రికి రాస్తాను, షాపులో పని ఉంది.

పలాస_46 (పలాస)

రోసీ దగ్గరికి ఎప్పుడు వస్తారు? 2003 చివర రోసీ యమహాకు వెళ్లిన రోజే ఈ జట్టు బుద్ధి ఏమిటో ప్రపంచానికి తెలిసిపోయింది.

నిర్వాహకుడు

వరుసలో వెళ్దాం. మెకానిక్ గారిని పూర్తి చేయనివ్వండి.

రాజాం_పిస్టన్ (రాజాం)

బాబాయిగారూ, ఎన్‌ఆర్ 500 పిస్టన్ గుండ్రంగా ఉండదని మా ఇంజనీరింగ్ కాలేజీలో ఒక మాస్టారు చెప్పారు. అలా ఎందుకు చేశారో మాత్రం చెప్పలేదు. నేను మూడో సంవత్సరం మెకానికల్ విద్యార్థినిని. దయచేసి వివరంగా రాయండి.

గంటస్తంభం_మెకానిక్ (విజయనగరం)

చెబుతానమ్మా. అప్పటికి 500 సీసీ తరగతి అంతా టూ స్ట్రోక్ బండ్లదే. టూ స్ట్రోక్ ఇంజనులో క్రాంక్ ఒక చుట్టు తిరిగితే ఒక పేలుడు. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకటి. అంటే అదే సీసీలో అంత శక్తి రావాలంటే ఫోర్ స్ట్రోక్ ఇంజను దాదాపు రెట్టింపు వేగంతో తిరగాలి. అంత వేగంతో తిరగాలంటే గాలి లోపలికి, పొగ బయటికి చాలా త్వరగా పోవాలి, అంటే వాల్వులు ఎక్కువ కావాలి. సిలిండర్లు పెంచుదామంటే నిబంధన నాలుగుకు మించనివ్వదు. అందుకని రెండు సిలిండర్లను పక్కపక్కన కలిపేసినట్టు పొడవాటి పిస్టన్ చేశారు. ఒక్కో సిలిండర్‌కు 8 వాల్వులు, ఒక్కో పిస్టన్‌కు రెండు కనెక్టింగ్ రాడ్లు. మొత్తం 32 వాల్వులు. నిమిషానికి 19,000 చుట్ల దాకా తిరిగేది. ఆ పిస్టన్‌కు రింగు చేయడం ఎంత కష్టమో ఊహించు. గుండ్రటి రింగు అన్ని వైపులా సమానంగా ఒత్తుతుంది, పొడవాటి రింగు ఒత్తదు.

1979 సిల్వర్‌స్టోన్‌లో రెండు బండ్లు దించారు, రెండూ ముగింపు దాకా రాలేదు. అప్పట్లో పందెం బండిని తోసి స్టార్ట్ చేయాలి, ఈ ఇంజను తోస్తే ఓ పట్టాన అందుకునేది కాదు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒక్క రేసు కూడా గెలవలేదు.

చివరికి పంతం వదిలి 1982లో మూడు సిలిండర్ల టూ స్ట్రోక్, ఎన్‌ఎస్ 500 తెచ్చారు. చిన్న బండి, తేలిక బండి. శక్తి ప్రత్యర్థుల కంటే తక్కువే, మలుపుల్లో మాత్రం దానికి తిరుగులేదు. ఆ ఏడాది బెల్జియంలో ఫ్రెడ్డీ స్పెన్సర్ గెలిచాడు. 1983లో యమహా రైడరు కెనీ రాబర్ట్స్‌ను రెండే రెండు పాయింట్ల తేడాతో ఓడించి టైటిల్ తెచ్చాడు. హోండాకు 500లో అదే మొదటి రైడర్ టైటిల్.

ఇక్కడ మన ఊళ్ల సంగతి ఒకటి చెప్పాలి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. పెట్రోలు పోసి, మూతపెట్టి, మరిచిపొమ్మని ప్రకటన. ఫోర్ స్ట్రోక్ అంటే హోండా అని జనం నమ్మారు, టూ స్ట్రోక్ యమహా ఆర్‌ఎక్స్ 100 కుర్రాళ్లతో వాదించారు. అదే హోండా పందెంలో టూ స్ట్రోక్‌తో గెలుస్తోందని ఇక్కడ చాలామందికి తెలియదు.

బొబ్బిలి_26 (బొబ్బిలి)

బాబాయిగారూ, 1984 బండిని వదలకండి. గెలుస్తున్న చిన్న బండిని పక్కనపెట్టి నాలుగు సిలిండర్ల ఎన్‌ఎస్‌ఆర్ 500 తెచ్చారు. పెట్రోలు ట్యాంకును ఇంజను కింద పెట్టి, సైలెన్సర్ గొట్టాలను పైనుంచి, ట్యాంకు ఉండాల్సిన చోటు నుంచి పంపారు. బరువు కిందికి వస్తే బండి నిలకడగా ఉంటుందని లెక్క. కాగితం మీద ఒప్పు, ట్రాక్ మీద తప్పు. పెట్రోలు తగ్గేకొద్దీ బండి నడక మారిపోయేది. స్పెన్సర్ ఆ ఏడాది కొన్ని రేసులకు మళ్లీ పాత మూడు సిలిండర్ల బండే ఎక్కాడు. 1985లో ట్యాంకును మామూలు చోటికి తెచ్చారు, స్పెన్సర్ 250, 500 రెండు టైటిళ్లూ ఒకే ఏడాది గెలిచాడు.

గంటస్తంభం_మెకానిక్ (విజయనగరం)

బాగా గుర్తుచేశావు. తర్వాత 1987లో గార్డ్‌నర్, 1989లో యమహా నుంచి వచ్చిన లాసన్ టైటిళ్లు తెచ్చారు. ఆ ఎన్‌ఎస్‌ఆర్ మొరటు బండి. థ్రాటిల్ కొంచెం తిప్పితే వెనక చక్రం జారేది. దానికి మందు 1992లో దొరికింది.

అంతకుముందు నాలుగు సిలిండర్లలో పేలుళ్లు సమాన దూరంలో జరిగేవి. టైరుకు ఊపిరి పీల్చుకునే వ్యవధి లేదు. 1992లో ఆ నాలుగు పేలుళ్లనూ క్రాంక్ తిరుగుడులో దాదాపు 70 డిగ్రీల లోపు కుదించారు. అన్నీ దగ్గరదగ్గరగా పేలి, మిగతా చుట్టంతా ఖాళీ. ఆ ఖాళీలో టైరు మళ్లీ నేలను పట్టుకుంటుంది. దాన్నే బిగ్ బ్యాంగ్ అన్నారు. శబ్దం కూడా మారిపోయింది, కీచుమనే ఇంజను బొంగురుగా మోగింది. ఆ బండి మీద మిక్ డూహన్ మొదటి నాలుగు రేసులూ వరుసగా గెలిచాడు.

బొబ్బిలి_26 (బొబ్బిలి)

ఆ సీజన్ మధ్యలో అసెన్‌లో పడ్డాడు. కుడి కాలు విరిగింది, ఆపరేషన్ తర్వాత పరిస్థితి దిగజారి కాలు తీసేయాల్సి వస్తుందన్న స్థితికి వచ్చింది. డాక్టర్ క్లాడియో కోస్టా అతన్ని ఇటలీకి తీసుకెళ్లి, రెండు కాళ్లనూ కలిపి కుట్టి, మంచి కాలి రక్తం పాడైన కాలికి అందేలా చేసి నిలబెట్టాడు. చివరి రెండు రేసులకు డూహన్ తిరిగొచ్చాడు. టైటిల్ నాలుగు పాయింట్ల తేడాతో రెయినీకి పోయింది. ఆ కాలితో వెనక బ్రేకు తొక్కలేడు కాబట్టి ఎడమ చేతి బొటనవేలితో నొక్కే బ్రేకు అమర్చారు. ఈనాడు రెండు కాళ్లూ బాగున్న రైడర్లు కూడా దాన్ని వాడుతున్నారు.

1994 నుంచి 1998 దాకా అయిదు టైటిళ్లు వరుసగా గెలిచాడు. ఎంతటి మనిషో మాటల్లో చెప్పలేను.

నాగావళి_రైడర్ (శ్రీకాకుళం)

నా వాదనకు అసలు సాక్ష్యం ఇక్కడ ఉంది, కాస్త వివరంగా రాస్తాను.

1997లో డూహన్ బిగ్ బ్యాంగ్ వద్దన్నాడు. సమాన దూరంలో పేలే పాత పద్ధతి ఇంజనే కావాలన్నాడు. అది మొరటుది, కానీ అతనికి అదే ఇష్టం. థ్రాటిల్ తిప్పగానే చేతికి జవాబు రావాలి. హెచ్‌ఆర్‌సి అతనికి అది ఇచ్చింది. జట్టులోని మిగతా రైడర్లు క్రివిల్లే, ఒకడాలకు మాత్రం మెత్తగా నడిచే బిగ్ బ్యాంగ్ ఇంజనే కొనసాగించింది. ఫలితం చూడండి. ఆ ఏడాది 15 రేసులు. డూహన్ 12, క్రివిల్లే 2, ఒకడా 1. పదిహేనుకు పదిహేనూ హోండావే.

అంటే ఆ రోజుల్లో జట్టుకు ఒక రాజు ఉన్నాడు, రాజుకు కావలసింది రాజుకు ఇచ్చారు, మిగతావాళ్లకు కావలసింది వాళ్లకు ఇచ్చారు. 1999లో హెరెజ్‌లో పడి డూహన్ ఆట ముగిసింది. జట్టు కూలిందా? లేదు. అదే ఏడాది క్రివిల్లే ఛాంపియన్ అయ్యాడు. 500లో గెలిచిన మొదటి స్పెయిన్ దేశస్థుడు. రాజు పడిపోయినా గ్యారేజీలో మరొకరు నడపగలిగే బండి ఉంది. 2020లో లేనిది అదే.

ఆమదాలవలస_డుకాటి (ఆమదాలవలస)

నాగావళి గారూ, 1997 లెక్క బాగుంది కానీ ఆ రోజుల్లో పోటీ ఎంత? యమహా, సుజుకి బలహీనంగా ఉన్న కాలం. పదిహేనుకు పదిహేను గెలవడానికి అదీ ఒక కారణం. ఒక్క కారణంతో ముప్పై ఏళ్ల చరిత్రను బిగించకండి.

పలాస_46 (పలాస)

ఇప్పుడు నా వంతు. 2002లో 990 సీసీ ఫోర్ స్ట్రోక్‌లు వచ్చాయి. అంటే హోండా సొంత ఇల్లు. వీ ఆకారంలో అయిదు సిలిండర్ల ఆర్‌సి 211 వి తెచ్చారు. నా దృష్టిలో ఆ జట్టు చేసిన అత్యుత్తమ బండి అదే. 16 రేసుల్లో 14 హోండావి, వాటిలో 11 రోసీవి. 2003లో ఫిలిప్ ఐలండ్‌లో పసుపు జెండా (ముందు ప్రమాదం, దాటొద్దనే సంకేతం) కింద ఓవర్‌టేక్ చేశాడని రోసీకి పది సెకన్ల శిక్ష వేశారు. అప్పుడు అతను మొదలుపెట్టిన పరుగు చూడాలి! గీత దాటేసరికి రెండో వాడికి 15 సెకన్ల దూరంలో ఉన్నాడు. శిక్ష సెకన్లు కలిపినా గెలిచాడు. ఆ వీడియో ఎప్పుడు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అంత చేసినా గొప్పతనం బండిదేనన్న మాట హోండా లోపల నడిచింది. రోసీకి అది మింగుడు పడలేదు. యమహాకు వెళ్లాడు. తనతోపాటు క్రూ చీఫ్ (తన మెకానిక్‌ల పెద్ద) జెరెమీ బర్జెస్‌ను, గ్యారేజీలో ఎక్కువమందిని తీసుకెళ్లాడు. గార్డ్‌నర్, డూహన్, రోసీ ముగ్గురితోనూ హోండాలో గెలిచిన మనిషి బర్జెస్. 2004 మొదటి రేసు, దక్షిణాఫ్రికాలోని వెల్కమ్‌లో, హోండా మీదున్న బియాజీని వెనక్కినెట్టి రోసీ యమహా మీద గెలిచాడు. నాగావళి అన్నా, నువ్వు వెతుకుతున్న తేదీ అదే. 2004 ఏప్రిల్ 18.

బొబ్బిలి_26 (బొబ్బిలి)

పలాస తమ్ముడూ, రోసీ వెళ్లాక కూడా 2006లో నికీ హేడెన్ గెలిచాడు. ఎస్టోరిల్‌లో సొంత జట్టువాడు పెడ్రోసా తగిలి ఇద్దరూ పడ్డారు. హేడెన్ ఆ ఇసుకలో నిలబడి పడిన బాధ టీవీలో చూసినవాళ్లెవరూ మరిచిపోరు. ఆ తర్వాతి రేసు వలెన్సియాలో రోసీ పడిపోయాడు, హేడెన్ అయిదు పాయింట్లతో ఛాంపియన్ అయ్యాడు. ఆ రేసులో పెడ్రోసా దారి వదిలి సాయపడ్డాడు. ఇది చెప్పకుండా ఎస్టోరిల్ ఒక్కటే చెప్పడం అన్యాయం.

పెడ్రోసా గురించి ఇంకో మాట. 2006 నుంచి 2018 దాకా ఒకే జట్టు. 31 విజయాలు. ప్రధాన తరగతి టైటిల్ ఒక్కటీ లేదు. 2012లో ఏడు రేసులు గెలిచి కూడా 18 పాయింట్లతో లొరెంజోకు వదులుకున్నాడు. ఆ ఏడాది మిసానోలో గ్రిడ్ మీద ముందు చక్రానికి చుట్టిన టైర్ వార్మర్ (టైరును వేడిగా ఉంచే దుప్పటి) ఇరుక్కుపోయి ఊడి రాలేదు. ముందు వరుసలో ఉండాల్సినవాడు చివర నుంచి బయలుదేరాడు, మొదటి ల్యాప్‌లోనే వెనక నుంచి మరొకరు గుద్దారు. టైర్ వార్మర్ ఇరుక్కోవడానికీ రైడరు ప్రతిభకూ ఏమిటి సంబంధం? టైటిళ్ల జాబితాలో ఇలాంటివి కనిపించవు. పదమూడేళ్లు గాయాలు భరించి జట్టుకు గెలుపులు తెచ్చిన మనిషిని ఛాంపియన్ల పక్కన నిలబెట్టకుండా రాసే చరిత్ర నాకు అక్కర్లేదు.

రాజాం_పిస్టన్ (రాజాం)

బొబ్బిలి అన్నయ్యా, పెడ్రోసా చిన్నగా, తేలికగా ఉండటం లాభమా నష్టమా?

బొబ్బిలి_26 (బొబ్బిలి)

రెండూనమ్మా. 160 సెంటీమీటర్ల మనిషి, యాభై కిలోలు కొంచెం దాటి. నేరుగా ఉన్న దారిలో వేగం అందుకోవడానికి లాభం. కానీ టైరును వేడెక్కించడానికి బరువు కావాలి, చలి రోజుల్లో అతని టైర్లు పనిచేసేవి కావు. 2007లో 800 సీసీ నిబంధన వచ్చినప్పుడు హోండా చాలా చిన్న బండి చేసింది. అది పెడ్రోసాకు సరిపోయింది, ఛాంపియన్‌గా ఉన్న హేడెన్ దాని మీద ఇబ్బందిపడ్డాడు. నాగావళి గారి వాదనకు ఇదీ పనికొస్తుంది.

నాగావళి_రైడర్ (శ్రీకాకుళం)

పనికొస్తుంది, ధన్యవాదాలు. 2011లో స్టోనర్ వచ్చి పది రేసులు గెలిచి టైటిల్ తెచ్చాడు, మరుసటి ఏడాది చివర 27 ఏళ్లకే మానేశాడు. అతని స్థానంలో 2013లో మార్కెజ్. ఇరవై ఏళ్ల కుర్రాడు, మొదటి సీజన్‌లోనే ఛాంపియన్, లొరెంజో మీద నాలుగు పాయింట్ల తేడా. 2014లో మొదటి పది రేసులూ వరసగా గెలిచాడు.

అక్కడి నుంచి ఏం జరిగిందో చూడండి. మార్కెజ్ బ్రేకు అందరికంటే ఆలస్యంగా వేస్తాడు, బరువంతా ముందు చక్రం మీద పడుతుంది, ఆ చక్రం జారుతుంది, మోచేయి, మోకాలు నేలకు ఆనించి లేపుకుంటాడు. ఇంకొకరు చేస్తే పడిపోయే చోట అతను నిలబడతాడు. ఇంజనీర్లు చూసేది గడియారం. గడియారం మార్కెజ్ వేగాన్నే చూపిస్తుంది. ముందు చక్రాన్ని ఇంకా గట్టిగా వాడుకునే దిశలో బండి ఏడాదికేడాది జరిగింది. ముందు చక్రం స్పర్శే తెలియడం లేదని లొరెంజో మొత్తుకున్నాడు.

2020లో మిషెలిన్ వెనక టైరు మార్చింది, పట్టు ఎక్కువ. వెనక టైరు గట్టిగా పట్టుకుని తోస్తే మలుపులో ముందు చక్రం బయటికి జారుతుంది. ముందు చక్రం మీదే బతికే బండికి అది దెబ్బ. సరిగ్గా అప్పుడే, అన్నీ సర్దుకోగలిగే ఆ ఒక్క మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు. 2020లో హోండాకు ఒక్క విజయం లేదు.

ఆమదాలవలస_డుకాటి (ఆమదాలవలస)

ఈ జబ్బు హోండాది మాత్రమే కాదు, ఇది ఒప్పుకుంటేనే న్యాయం. 2007లో స్టోనర్ మా డుకాటీకి టైటిల్ తెచ్చాడు. ఆ బండిని అతను తప్ప ఎవరూ నడపలేకపోయారు. 2011, 2012ల్లో సాక్షాత్తూ రోసీ వచ్చి రెండేళ్లు నడిపితే ఒక్క రేసు గెలవలేదు, పోడియాలు (మొదటి మూడు స్థానాల్లో ముగింపులు) మూడు. అప్పుడు డుకాటీ తన బండి తప్పును ఒప్పుకుంది. 2013 చివర ఇంజనీరు జీజీ డాలీన్యా వచ్చాక అన్ని డుకాటి జట్ల రైడర్ల సమాచారాన్నీ ఒక్కచోట కలిపి, ఎక్కువమందికి లొంగే బండి చేశాడు. 2024లో 20 రేసుల్లో 19 డుకాటివి. ఛాంపియన్ మార్టిన్ ఫ్యాక్టరీ జట్టువాడు కూడా కాదు, డుకాటి బండ్లు నడిపే ప్రైవేటు జట్టు ప్రమాక్ రైడరు.

హోండాకు ఆ దెబ్బ తగలడం ఆలస్యమైంది. ఎందుకంటే మార్కెజ్ గెలుస్తూనే ఉన్నాడు.

గంటస్తంభం_మెకానిక్ (విజయనగరం)

చక్కగా చెప్పావు. మా విజయనగరం పక్కన కొండవెలగాడ ఉంది. బరువులెత్తే పిల్లలు ఆ ఊరి నుంచి ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటారు. మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఆ అమ్మాయి ఒక్కతికే సరిపోయేలా సాధన నేర్పి కూర్చుంటే ఆమె తర్వాత ఆ ఊళ్లో ఇంకెవరు బరువు ఎత్తేవారు?

అయితే పిల్లల్లారా, మార్కెజ్‌ను తప్పు పట్టకండి. బండి ఇలా ఉండాలని రైడరు అడుగుతాడు, అడగడం అతని పని. రెండో రైడరు మాట కూడా వినడం కంపెనీ పని.

బొబ్బిలి_26 (బొబ్బిలి)

2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో భారత్ జీపీ జరిగినప్పుడు నేనూ మిత్రులూ వెళ్లాం. విజయనగరం నుంచి రైల్లో ఢిల్లీ, అక్కడి నుంచి బుద్ధ్ సర్క్యూట్. ఎండ భయంకరంగా ఉంది. శనివారం స్ప్రింట్‌లో (చిన్న రేసు) మార్కెజ్ మూడో స్థానంలో వస్తుంటే స్టాండు మొత్తం లేచి నిలబడింది. పొడవాటి దారి చివర అందరూ ఒక చోట బ్రేకు వేస్తే అతను ఇంకా ముందుకెళ్లి వేస్తున్నాడు, బండి కింద పాములా మెలికలు తిరుగుతోంది. ఆదివారం రేసులో పడిపోయి, లేచి తొమ్మిదో స్థానంలో ముగించాడు. గెలిచింది డుకాటి మీద బెజెక్కి. పది రోజులు తిరిగేసరికి మార్కెజ్ హోండాను వదిలి వెళ్తున్నాడని ప్రకటన వచ్చింది. గ్రెసీనీ జట్టుకు, డుకాటి ఎక్కడానికి. నాలుగు ఆపరేషన్లు దాటిన చెయ్యి అది. ఆ బండితో అతను చేస్తున్న యుద్ధం కళ్లారా చూశాను కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు.

రాజాం_పిస్టన్ (రాజాం)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మన దేశపు కంపెనీల జట్లు ఈ స్థాయికి ఎప్పుడైనా వెళ్లాయా? చదువయ్యాక అలాంటి చోట పనిచేయాలని నా కోరిక.

ఆమదాలవలస_డుకాటి (ఆమదాలవలస)

వెళ్లాయి చెల్లీ. మహీంద్రా 2011లో 125 సీసీ తరగతితో మొదలుపెట్టి, తర్వాత చిన్న బండ్ల తరగతి మోటో 3లో 2017 దాకా ఉంది. 2016 అసెన్‌లో మహీంద్రా మీద గెలిచింది ఎవరో తెలుసా? పెక్కో బన్యాయా. తర్వాత రెండుసార్లు మోటోజీపీ ఛాంపియన్ అయిన మనిషి తన మొదటి గ్రాండ్ ప్రీ విజయం భారతీయ కంపెనీ బండి మీద సాధించాడు. మన పత్రికలు దాన్ని మొదటి పేజీలో వేయాల్సింది.

హీరో ర్యాలీ జట్టు 2017 నుంచి డకార్‌ అనే ఎడారి పందెంలో ఉంది. 2020లో ఆ జట్టు రైడరు పాలో గొన్సాల్వెస్ ఎడారిలో ప్రాణాలు కోల్పోయాడు. అయినా జట్టు ఆగలేదు. 2022లో రోడ్రిగెస్ ఒక స్టేజి గెలిచాడు, 2024 డకార్‌లో రాస్ బ్రాంచ్ మొత్తం మీద రెండో స్థానం తెచ్చాడు, అదే ఏడాది ర్యాలీ రెయిడ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. టీవీఎస్ రేసింగ్ 1982 నుంచి నడుస్తోంది. ఆ జట్టు రైడరు ఐశ్వర్య పిస్సే 2019లో బాహా ప్రపంచ కప్ మహిళల విభాగం గెలిచింది. కోరిక పెట్టుకో, గట్టిగా పెట్టుకో.

పలాస_46 (పలాస)

హోండా దగ్గరికి తిరిగొస్తే, 2022 జర్మనీ రేసు కూడా చెప్పాలి. ఆ సాక్సెన్‌రింగ్‌లో మార్కెజ్ ఎక్కిన ప్రతిసారీ గెలుస్తూ వచ్చాడు, 2010 నుంచి 2021 దాకా. 2022లో అతను ఆపరేషన్ తర్వాత విశ్రాంతిలో ఉన్నాడు. అదే ట్రాక్ మీద ఆ రోజు ఒక్క హోండాకూ ఒక్క పాయింటు రాలేదు. నేను 2004 అంటున్నాను, నాగావళి అన్న 2019 అంటున్నాడు. ఈ రేసు చూస్తే మాత్రం ఆయన మాటకే బలం ఎక్కువ అనిపిస్తోంది.

గంటస్తంభం_మెకానిక్ (విజయనగరం)

నేను 1967 అంటాను. హెయిల్‌వుడ్ చేతుల మీద ఆధారపడిన రోజు.

నాగావళి_రైడర్ (శ్రీకాకుళం)

బాబాయిగారూ, అది కాదనలేను. కానీ మధ్యలో 1997 ఉంది. అప్పుడు చేయగలిగినవాళ్లు మళ్లీ చేయగలరు. అందుకే ఈ మధ్య మార్పులను ఆశగా చూస్తున్నాను. మోటోజీపీ సాంకేతిక బాధ్యతకు అప్రిలియా నుంచి రొమానో అల్బెసియానోను తెచ్చుకున్నారు. బయటివాళ్ల మాట వినని హోండాకు ఇది చిన్న విషయం కాదు. అలేక్ష్ ఎస్పార్గరోను టెస్ట్ రైడరుగా తీసుకున్నారు. 2025 మేలో ఫ్రాన్స్‌లోని లె మాన్ వానలో జోహాన్ జార్కో గెలిచాడు, అదీ ఎల్‌సీఆర్ బండి మీద, సొంత దేశపు జనం ముందు. సెప్టెంబరు 28న జపాన్‌లోని మొటెగిలో, హోండా సొంత ట్రాక్ మీద, మార్కెజ్ డుకాటీతో రెండో స్థానంలో వచ్చి టైటిల్ ఖాయం చేసుకున్నాడు. అదే పోడియం మీద మూడో మెట్టున హోండా రైడరు జోన్ మీర్ ఉన్నాడు. జార్కోదీ మీర్‌దీ ఒకే శైలి కాదు. నేను చూస్తున్నది అదే.

ఆమదాలవలస_డుకాటి (ఆమదాలవలస)

2027లో ఇంజను 850 సీసీకి తగ్గుతుంది, టైర్లు పిరెల్లీవి, బండి ఎత్తు మార్చే పరికరాలు నిషేధం. అందరూ కొత్తగా మొదలుపెట్టాల్సిందే. 2007లో 800 సీసీకి మారినప్పుడు హోండా తడబడింది, డుకాటి గెలిచింది. ఈసారి కూడా అంతే అంటాను.

గంటస్తంభం_మెకానిక్ (విజయనగరం)

2002లో మారినప్పుడు ఎవరు గెలిచారో కూడా చెప్పు మరి.

రాజాం అమ్మా, ఎన్‌ఆర్ పిస్టన్ రింగు గురించి ఇంకా అడగాలంటే కొత్త చర్చ మొదలుపెట్టు. అదే పద్ధతి పిస్టన్‌తో 1992లో ఎన్‌ఆర్ 750 అని రోడ్డు బండి కూడా అమ్మారు. దాని సంగతి అక్కడ రాస్తాను.